పది అంగుళాలు దాటిన వాన

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు, తను ఫోర్ట్రాన్‌లో రాసిన ప్రోగ్రాం, ఫలితాల ఫైలు సగం రాసి ఆగిపోతోందని విసుక్కుంది. వాతావరణం మీద పరిశోధన చేస్తోంది. "అమ్మమ్మా, మీ కాలంలోనూ ఇలాగే ఆగేవా?" అని అడిగింది. ఆగేవి. అలా ఆగినదొకటి నాకు ఇంకా గుర్తుంది.

అరవైల చివర్లో నేను విజయనగరంలో కాలేజీ పాఠాలు చెబుతూ, మా శ్రీకాకుళం వైపు ఊళ్ల పాత వానల లెక్కల మీద పరిశోధన చేస్తుండేదాన్ని. కంప్యూటరు ఎక్కడో పెద్ద నగరంలో ఉండేది. ప్రోగ్రామూ లెక్కలూ చిల్లులుగా పొడిచిన అట్టకార్డులను బిస్కెట్ల డబ్బాలో పేర్చి, వరస చెదరకుండా ఒళ్లో పెట్టుకుని రైల్లో వెళ్లేదాన్ని. పక్కన కూర్చున్న ఆడవాళ్లు అందులో ఉన్నవి సున్నుండలేనని నమ్మేవారు. కాదంటే, పెట్టడం ఇష్టంలేక అంటున్నాననుకుని మొహం తిప్పుకునేవారు.

ఆ రోజు యంత్రం కార్డులన్నీ బుద్ధిగా చదివింది. ఫలితాలను టేపు మీద రాస్తూ రాస్తూ, ఒకచోట తప్పు జరిగిందని సంకేతం కొట్టి ఆగిపోయింది. మళ్లీ నడిపినా అక్కడే. కార్డులు వెతికితే కారణం దొరికింది. వాన అంగుళాల్లో ఉండేది. ప్రతి కొలతకూ నాలుగు గడులిచ్చాను, చివరి రెండూ దశాంశాలకు. కార్డు మీద దశాంశ చుక్క వెయ్యలేదు కనుక చదివేటప్పుడు సరిపోయింది, రాసేటప్పుడు చుక్కకూ గడి కావాలి. అంటే వాన పది అంగుళాలు దాటితే పట్టదు. అన్నేళ్లలో దాటింది ఒక్కరోజే. తేదీ చూసి కార్డు బల్ల మీద పెట్టేశాను. అది మా బావ పోయిన రోజు.

మా వైపు అక్కను అప్ప అంటాం. బావ, అంటే మా అప్ప భర్త, నరసన్నపేట దగ్గర పల్లెలో బడిపంతులు. బడి ఆవరణలోని వానడబ్బా చూసి కొలత రాయడం ఆయన పనే. భారీ వాన పడితే వెంటనే వాతావరణ ఆఫీసుకు తంతి కొట్టాలి. ఏళ్ల కిందట, తుఫాను వచ్చిన ఆ రోజు ఉదయం గెడ్డ, అంటే వాగు, దాటి పేటకు వెళ్లి తంతి ఇచ్చాడు. తిరిగొస్తుంటే గెడ్డ పొంగి కొట్టుకుపోయాడు.

మా గైడు అంకె చూసి తల అడ్డంగా ఊపారు. "చుట్టుపక్కల ఊళ్లలో ఇందులో సగం కూడా లేదమ్మా. గాభరాలో తప్పు రాసుంటారు. తీసెయ్." అది రాసిన మాస్టారు మా బావని ఆయనకు తెలియదు. గడి పెంచడం ఒక్క కార్డు మార్చినంత పని. కానీ అంకె నిజమని నేనెలా చెప్పను? తిరిగొచ్చాక అప్ప దగ్గరికి వెళ్లాను.

ఆ రోజు మాట అంతవరకూ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అప్ప చేటలో ఉలవలు ఏరుతోంది. ఆ వాన అంకె నిజమేనా అని అడిగాను.

"ఆ అంకె కోసమే ఎలిపోనాడు. అది నిజమో కాదో నన్నడగడానికొచ్చినావేటే?"

నేను లేచి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"గొడుగు పట్టింది నానే. గ్లాసుతో కొలిసి పారబోసినప్పుడల్లా అరుగు గోడమీద బొగ్గుతో గీత గీసినాను. గీతలు రెండోపాలి లెక్కెట్టినాడు. తప్పు రాసే మనిసి కాదే. ఎల్లొద్దన్నాను. కింద ఊళ్లకి తెలవాల కదా అన్నాడు, ఇన్నాడు కాదు." చేట పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా నా ముందు అలా ఏడవలేదు.

అప్ప చెప్పినదంతా గైడుకు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఉంచు" అని మాత్రం అన్నారు. గడి పెంచి ఆ ఒక్క కార్డూ మళ్లీ పొడిపించాను. ఈసారి టేపు చివరిదాకా తిరిగింది.

ఆ తరువాత అప్ప బావ గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఆయన కోపాలు, కాఫీలో ఆయన వేసుకునే బెల్లం, అన్నీ. ఏళ్లు గడిచాయి కాబట్టి చెప్పగలిగిందో, నేను అడిగాను కాబట్టి చెప్పిందో నాకిప్పటికీ తెలియదు. కాలం చేసే పని ఎంతో, మనుషులు చేసేది ఎంతో విడదీసి చూడడం ఈ వయసుకి కూడా నాకు చేతకాలేదు.