గుమ్మం బయట సెన్సే బూట్లు

నిన్న సాయంత్రం గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో ఉండగా సెన్సే కూతురి మెసేజ్ వచ్చింది. అమ్మ వెళ్లిపోయింది అని.

కార్ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆపేశాను.

ఎటు వెళ్లాలో తెలియలేదు.

మన ఊరు ట్రాయ్‌లో మీ పిల్లల్లో కొందరికి సెన్సే తెలిసే ఉంటారు. జపనీస్‌లో టీచర్‌ని అలా పిలుస్తారు. జపాన్‌లో చిన్నపిల్లలకి సైన్స్ చెబుతూ మొదలుపెట్టి, ఇక్కడికొచ్చాక, సైన్స్ ఎలా చెప్పాలో మాలాంటి టీచర్లకి నేర్పడంలోనే జీవితమంతా గడిపారు.

ఆవిడది ఒకటే పద్ధతి. ఏ ఎక్స్‌పెరిమెంట్ అయినా చేసేముందు ఏం జరుగుతుందో అందరూ గెస్ చెప్పాలి. ఆవిడ మాత్రం ఆన్సర్ చెప్పరు.

నా ట్రైనింగ్ మొదటిరోజు, అంచుదాకా నీళ్లున్న గ్లాసులో ఐస్ ముక్క తేలుతోంది. కరిగితే నీళ్లు పొర్లుతాయా అని నన్ను అడిగారు. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే. చదువంటే నాకు బట్టీ పట్టడమే. సూత్రం గడగడా అప్పజెప్పాను.

"అది పుస్తకం మాట. నువ్వేమనుకుంటున్నావ్?"

పొర్లుతాయేమో అన్నాను, భయం భయంగా.

ఐస్ కరిగేదాకా అందరం చూస్తూ కూర్చున్నాం. ఒక్క చుక్క పొర్లలేదు. గెస్ తప్పినవాళ్లే శ్రద్ధగా చూస్తారని నవ్వారు.

నాకు జాబ్ వచ్చాక కూడా నా క్లాస్ చూడటానికి వచ్చేవారు. బూట్లు గుమ్మం బయట విప్పి, మెత్తటి స్లిప్పర్స్ వేసుకుని, చప్పుడు లేకుండా వచ్చి వెనక చిన్న కుర్చీలో కూర్చునేవారు. మిస్, మీ టీచర్ స్కూల్‌ని ఇల్లనుకుంటారా అని పిల్లలు ఆటపట్టించేవారు.

పాఠం మధ్యలో తడబడితే తలుపు వైపు చూసేదాన్ని. బూట్లు కనిపిస్తే చాలు, ధైర్యం వచ్చేది.

పోయిన వారం హాస్పిటల్‌లో, మీరు లేకుండా నేను చెప్పలేనేమో అన్నాను. ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగారు.

"నేను పోయాక కూడా బూట్ల కోసం చూస్తావా? గెస్ చెప్పు."

"చూడను సెన్సే."

"సరే. ఏమైందో తర్వాత చెప్పు."

ఇవాళ సెలవు పెట్టబుద్ధి కాలేదు. క్లాస్‌లో అదే ఐస్ గ్లాసు పెట్టాను. పిల్లలు గెస్‌లు చెబుతుంటే వెనక కుర్చీలో ఎవరో సర్దుకుని కూర్చున్నట్టయింది.

తలుపు వైపు చూశాను.

బూట్లు లేవు.

స్లిప్పర్స్ మాత్రం ఆ కుర్చీ కిందే ఉన్నాయి. పోయినసారి మీరు వదిలి వెళ్లినట్టే, సెన్సే.

"మిస్, ఆన్సర్ చెప్పేయండి ప్లీజ్," అందో పాప.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. చూద్దాం అన్నాను.

ఐస్ కరిగేదాకా వాళ్లు గ్లాసునే చూశారు. నేను తలుపునే చూశాను.

నా గెస్ తప్పింది సెన్సే.

బూట్లు ఎక్కడ విప్పారో గానీ, అక్కడ మీకు ప్రశాంతంగా ఉండాలి.