మాస్టారు భావం చెప్పిన బోర్డు

సోంపేట బజారులో ఇంగ్లీషు బోర్డు ఏది లేచినా దాని భావం చెప్పవలసింది భానుమూర్తి మాస్టారే. ఉద్దానం రైతులు కొబ్బరికాయల బండ్లు ఆపి మరీ అడిగేవారు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. నలుగురూ నవ్వేలా చెప్పడం ఆయనకో జబ్బు.

యాభై నాలుగులో సూర్యప్రకాశ్ అనే కుర్ర డాక్టరు స్కాట్లాండులో చదివొచ్చి ఆసుపత్రి తెరిచాడు. బోర్డు మీద పేరు పక్కన 'ఎం.బి., సిహెచ్.బి.' అని ఉంది. మాస్టారు ఎరిగిన డాక్టర్లందరూ ఎంబీబీఎస్‌లే.

"ఏటి మాట్టారూ, పెద్ద సదువేనా?" అన్నాడు కవిటి రైతు దాలయ్య.

"ఎంబీ అయింది, బీఎస్ కాలేదు. సముద్రాలు దాటి సగం చదువు పట్టుకొచ్చాడు."

బండ్ల దగ్గర ఒకటే నవ్వులు. ఆ మాట సంతకెక్కి బారువ దాకా పాకింది. డాక్టరు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

మరుసటేడు వానల్లో మాస్టారి భార్య జానకికి కడుపులో కుడివైపు నొప్పి లేచింది. పక్కింటి నూకమ్మ "డాట్రుబాబుని పిలుసుకొత్తాను" అంటూ గుమ్మం దిగబోతే మాస్టారు వద్దన్నాడు. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోలేకపోయాడు. పైగా అది నిజంగా సగం చదువేనని నమ్మాడు పాపం. విశాఖపట్నం పెద్దాసుపత్రికని రైలెక్కించాడు. పలాస దాటాక నొప్పి తగ్గిందంది జానకి. ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. నౌపడా రాకముందే ఆవిడ ప్రాణం పోయింది.

పరామర్శకొచ్చిన డాక్టరును మాస్టారు ఉండబట్టలేక అడిగేశాడు. "మీ చదువులో కోత వైద్యం కూడా ఉందా నాయనా?"

"ఉంది మాస్టారూ. ఇక్కడ ఎంబీబీఎస్ అన్నదాన్నే అక్కడ ఎం.బి., సిహెచ్.బి. అంటారు. దేశం వేరు గానీ చదువు ఒక్కటే. కబురు పెట్టి ఉంటే..." అని ఆ అబ్బాయి తల దించుకున్నాడు.

తన నోరే తన కొంప కూల్చిందని మాస్టారు కుమిలిపోయాడు. ఆ తర్వాత కనిపించిన బండినల్లా తానే ఆపి, అది నిండు చదువేనని మొత్తుకునేవాడు. అందరూ తలూపేవారు, ఎవరూ వెళ్ళేవారు కాదు. ఒకరోజు దాలయ్య జ్వరంతో ఉన్న కోడల్ని బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మాస్టారు బండికి అడ్డం నిలబడ్డాడు.

దాలయ్య బండి దిగి, చేతులు జోడించి మెల్లగా అన్నాడు. "కోప్పడకండి బాబూ. అమ్మగారికి పేనం మీదికొచ్చినా మీరాయన కాడికి తీసుకెల్నేదు. మీరు సేసిందే మేమూ సేత్తన్నాం."