ముప్ఫై రెండు పేర్లు, ముప్ఫై ఒక్క అంకెలు

నాందేడ్‌లో ఒక అద్దె గదిలో కూర్చుని ప్రోగ్రాములు రాసి బతుకుతాను. అందరూ వాడే భాషలూ వచ్చు గానీ, నా ప్రాణమంతా వరుసల భాష మీదే. మామూలు భాషలో వంద అంకెలుంటే మొదటిది తియ్యి, చూడు, పక్కన పెట్టు, రెండోది తియ్యి అని చెప్పాలి. ఇందులో ఆ గోల లేదు. మొత్తం వరుసను ఒకే వస్తువుగా పట్టుకుని ‘ఏడు కంటే తక్కువ’ అని ఒక్క గుర్తు పెడితే, వంద జవాబులూ ఒకేసారి వస్తాయి. మా దెగ్లూర్ వైపు పత్తి తీసే ఆడవాళ్లు తలా ఒక సాలు పట్టి అంతా కలిసి కదిలినట్టు ఉంటుంది. పేజీ పని ఒక్క పంక్తిలో తేలిపోతుంటే నాకు ఎంత పొగరో.

మా అన్న భార్య, మా వదిన, ఊళ్లో ఆశా కార్యకర్త. ఊరంతా మరాఠీలో ‘తాయి’, అంటే అక్క, అని పిలుస్తారు. గర్భిణులు, బాలింతలు కలిపి ఆమె చేతికింద ముప్ఫై రెండు మంది. పోయినేడు పత్తి తీతలప్పుడు వాళ్ల రక్తం తీయించి, సీసాలకు వరుసగా నంబర్లు అంటించి దెగ్లూర్ పంపింది. ఫలితాలు పేర్లు లేకుండా నంబర్ల వరుసలో వచ్చాయి. పేర్లు నా దగ్గర ముందే ఉన్నాయి.

“ఎవలకు రక్తం మస్తు తక్కువుందో జర తీసి పంపు మరిదీ. గురువారం దవాఖాన బండొస్తది, గాళ్లనే ఎక్కియ్యాలె” అని ఫోన్లో అంకెలన్నీ చదివింది.

హిమోగ్లోబిన్ ఏడు కంటే తక్కువున్న పేర్లు తియ్యమని పంక్తి రాసి నొక్కాను. భాష ఒప్పుకోలేదు. రెండు వరుసల పొడవులు కలవడం లేదని ఆగిపోయింది. వదినకు ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. చేస్తే అరగంట ఊరి ముచ్చట్లు వినాలి, నాకేమో చిరాకు. ఈ భాషలో ఇంకో గుర్తుంది. వరుసను ఎంత పొడవు కావాలంటే అంత చేస్తుంది, అంకెలు చాలకపోతే మొదటి నుంచి మళ్లీ తెచ్చి నింపుతుంది. ముప్ఫై రెండు చెయ్యమన్నాను. మారు మాట్లాడకుండా చేసింది. రెండు పేర్లు వచ్చాయి, పంపేశాను.

గురువారం మధ్యాహ్నం వదిన ఫోను.

“నీ కంప్యూటర్ల మన్ను వొయ్య! దుక్కలెక్క గట్టిగున్న మనిషిని బండెక్కిస్తివి. మళ్ల చూస్తె పన్నెండున్నది. డాక్టరమ్మ నన్ను జూసి నవ్వింది.”

నాకు రోషమొచ్చింది. “లెక్క తప్పదు వదినా, నువ్వే తప్పు చదివినవ్” అన్నాను. అన్నాక గానీ, పొడవులు కలవలేదన్న భాష నోరు ఆ రోజు నేనే మూయించానని గుర్తుకు రాలేదు. “ఎన్ని చదివినవ్?”

“ముప్పై ఒకటి. ఒకామె భోకర్‌ల తల్లిగారింటికి పోయింది, ఆమె రక్తం తియ్యలే.”

“మరి ఆమె కాడ సున్నా అన్న చెప్పొద్దా? లేదని అన్న చెప్పొద్దా?”

“థూ! కడుపుతోనున్న ఆడిదాని పేరు ముంగట సున్నా పెడ్తరా ఎవలన్న? లేదని నోటితోని ఎట్ల అంటరు?”

బియ్యం అయిపోతే ‘లేవు’ అనకుండా ‘నిండుకున్నాయి’ అనే ఇంట్లోనే నేనూ పెరిగాను. ఆమె మర్యాద ఆమెది. అడగాల్సింది నేను.

భోకర్ పోయినామెది తొమ్మిదో పేరు. అక్కడి నుంచి ప్రతి ఒక్కరికీ తర్వాతి మనిషి అంకె వచ్చి పడింది. చివరి పేరుకు అంకె మిగల్లేదు. అక్కడ నా గుర్తు మొదటామె పదకొండును తెచ్చి పెట్టింది. ఆ చివరి పేరు ఊరి అంచున ఉండే కూలివాళ్ల కోడలిది. ఏడో నెల, తొలిచూలు. ఆమె అసలు అంకె ఆరు.

విషయం చెప్పగానే వదిన ఫోనైనా కట్టెయ్యకుండా ఆమె పత్తి తీస్తున్న చేనుకు ఉరికింది. ఆయాసం, చెప్పుల చప్పుడు నాకు వినబడుతూనే ఉన్నాయి. ఆ పిల్ల సాలు మధ్యలో కూలబడి ఉందట. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదట. అటునుంచి అటే ఆటోలో దెగ్లూర్ తీసుకుపోయారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. గండం గడిచింది.

భాషను తిట్టుకుందామన్నా వీల్లేదు. అది మొదటే ఆగింది. వరుసను ఒకే వస్తువుగా చూడటం గొప్పే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ పొడవు కలవనప్పుడు తప్పిపోయింది ఒక అంకె కాదు, మనిషి. అది భాషకు తెలియదు. నాకు తెలియాలి.

ఆదివారం దవాఖానకు వెళ్లాను. వదిన మంచం పక్కనే కూర్చుని ఉంది. తప్పు నాదేనని ఆ పిల్లకు చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె దుప్పటి అంచు సవరించుకుంటూ మెల్లగా అంది.

“నా రక్తం మంచిగుందని తాయి చెప్పింది, నాందేడ్‌ల లెక్క తీసిండ్రన్నది. గందుకే కండ్లు తిరుగుతున్నా ఎవ్వలకు చెప్పలే అన్నా. పనికి బద్దకమై గిట్ల జేస్తున్ననేమో అనుకున్న.”