పటం ముందున్న కూర

సుమలత బయటి తిండి తిని పద్దెనిమిదేళ్లయింది. అలాగని ఆమెకు మడీ ఆచారం ఏమీ లేవు. కోదాడ మున్సిపాలిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మూడో రోజున హైవే పక్కనున్న ఒక హోటల్లో వంటగది చూసింది, అంతే. దోసెల పిండి డ్రమ్ముకు మూత లేదు. పిండిలో తేలుతున్నదాన్ని వంటవాడు చేత్తో తీసి గోడవారగా విసిరేసి, అదే చేత్తో గరిటె అందుకున్నాడు. తేలింది ఏమిటో ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లతో "తిన్నంక చెప్త" అంటుంది. తిన్నాక ఎవరూ అడగరు.

కోదాడ నుంచి సూర్యాపేటకు, అక్కణ్ణుంచి మిర్యాలగూడకు బదిలీ అయింది. ఊళ్లు మారాయి గానీ వంటగదుల బుద్ధి మారలేదు. ఇప్పుడామె పట్టణంలో మురుగూ చెత్తా తిండీ తనిఖీ చేసే ఏడుగురికి పెద్ద. పెళ్లికి వెళ్లినా పట్టుచీరతోనే షామియానా వెనక వంటల దగ్గర తేలుతుంది. "వదినె వచ్చింది, గిన్నెల మీద మూతలు పెట్టుండ్రి" అని మరదళ్లు ఆటపట్టిస్తారు. ఆ మూతలేవో ముందే పెట్టి చావొచ్చు కదా అని ఆమె లోపల తిట్టుకుంటుంది. ఏ హోటల్ చూసినా ముందు గోడకు కొత్త రంగులు, గాజు తలుపులు, లోపల ఏసీ. వెనక మాత్రం గిన్నెలు కడిగే నీళ్లలోనే కూరగాయలు కడుగుతారు. మనుషులకు మనుషులు పెట్టే తిండేనా ఇది అని ఆమెకు రోజూ రోత పుడుతుంది. అసలు అలవాటే పడని ముక్కు ఆమెది.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు ఒక ప్రైవేటు ఆడపిల్లల హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున పదింటికే అన్నం తిని కాలేజీలకు వెళ్లిన పిల్లల్లో పదకొండు మంది వాంతులతో తిరిగొచ్చారు. ఇద్దరికి దవాఖానలో సెలైన్ ఎక్కుతోంది. హాస్టల్‌లో గిన్నెలూ కంచాలూ అప్పటికే తోమేశారు. కూర వచ్చింది శ్రీహరి కర్రీ పాయింట్ నుంచి. రాత్రి భోజనం కూడా అక్కణ్ణుంచే రావాలి, యాభై మందికి. ఆరింటికల్లా ఆటోలో క్యాన్లు బయల్దేరతాయి. పొద్దుటి కూర పిడికెడు దొరికినా చాలు, సుమలత ఆ పొయ్యి ఆర్పించగలదు. దొరక్కపోతే ఆ యాభై మంది మళ్లీ అదే తింటారు.

శాంపిల్ పెట్టె పట్టుకున్న కొత్తమ్మాయి అఖిల, ముప్పై ఏళ్లుగా జవానుగా చేస్తున్న వెంకటనర్సయ్య ఆమెతో జీపెక్కారు. వెంకటనర్సయ్య నెమ్మదస్తుడు. ఎవరి దగ్గరా పైసా ముట్టినవాడు కాదు. రోజూ నుదుట బొట్టు పెట్టుకోనిదే డ్యూటీకి రాడు.

కర్రీ పాయింట్ వంటగదిలో అడుగుపెట్టగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. నేల ఇంకా తడిగా ఉంది. తోమిన గిన్నెలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి. చెత్తడబ్బాలో కొత్త కవరు, కాల్వ వెంట తెల్లగా బ్లీచింగ్ పౌడరు. పొద్దున ఇక్కడ వంట జరిగిందంటే ఎవరూ నమ్మరు. ఫ్రిజ్ తెరిస్తే అందులో అల్లం వెల్లుల్లి, పెరుగు ప్యాకెట్లు మాత్రమే ఉన్నాయి. సుమలతకు ఒళ్లు మండిపోయింది. మురికి వంటగది కన్నా ఈ తళతళలాడే వంటగదే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. ఎవరో ముందే చెప్పారు.

"మా దగ్గర ఎప్పటిదప్పుడే ఖతం మేడమ్, మిగిల్చేదే ఉండదు," అన్నాడు యజమాని శ్రీహరి చేతులు తుడుచుకుంటూ. "పిల్లలు బయట పానీపూరీలు తింటరు, నింద మా మీద పెడతరు."

ఒక పక్క రాత్రి వంటకు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. సుమలత ఒక్కో గిన్నే ఎత్తి చూసింది. పొయ్యి కిందికి వంగి చూసింది. నడుము పట్టుకుపోయింది గానీ మెతుకు దొరకలేదు. లేచి నిలబడేసరికి గోడకున్న దేవుడి పటం కళ్లబడింది. దాని ముందు చెక్క మీద చిన్న స్టీలు గిన్నె, అందులో అన్నం, పైన ఆలుగడ్డ టమాట కూర.

"ఇదెప్పటిది?"

శ్రీహరి ఒక అడుగు ముందుకేశాడు. "అది... దేవునికి పెట్టింది మేడమ్. మొదటి గరిటె పటం ముందర పెట్టనిది మేం బయటికి పంపం. పొద్దుమూకినంక ఆవుకు పెడతం."

అంటే పొద్దుటి కూరే. భక్తి కొద్దీ దాని జోలికి పోలేదు, అన్నీ కడిగి దాన్ని మరిచిపోయాడు.

అఖిల పెట్టె తెరిచింది. వెంకటనర్సయ్య అడ్డంగా చెయ్యి పెట్టాడు. "వద్దు మేడమ్. దేవునికి పెట్టింది తీసి డబ్బాలేస్తమా? పాపం తగులతది."

"గదే చెప్తున్న మేడమ్, ప్రసాదమది," అన్నాడు శ్రీహరి, ఊపిరి పీల్చుకొని.

సుమలత గిన్నె తీసి శ్రీహరి ముందు పట్టింది. "ప్రసాదమైతే కళ్లకద్దుకొని తిను. నువ్వు తింటే నేను వెళ్లిపోత."

శ్రీహరి గిన్నె వంక చూశాడు. కూర అంచున సన్నగా నురగ కట్టి ఉంది. ఉల్లిగడ్డలు తరుగుతున్న కత్తి ఆగింది. శ్రీహరి చెయ్యి పైకి లేవలేదు.

వెంకటనర్సయ్య దగ్గరికొచ్చి వంగి వాసన చూశాడు. పుల్లటి కంపు. తల వెనక్కి లాక్కున్నాడు. పటం వంక చూశాడు.

"పొద్దున వండింది గింత పులుస్తదా? నిన్నటిదా?" అన్నాడు. "దేవునికి గూడ నిన్నటిదే పెట్టినవా?"

వెంకటనర్సయ్య చెప్పులు విడిచి, పటానికి దండం పెట్టి, ఆ గిన్నెను సుమలత చేతిలోంచి రెండు చేతులతో అందుకొని అఖిల ముందు పెట్టాడు. అఖిల గ్లవుజులు తొడుక్కొని కూరను సీసాలోకి తీసి సీలు వేసింది. సాక్షి సంతకం వెంకటనర్సయ్యే చేశాడు. అయిదింటికి పొయ్యిలు ఆరాయి, షట్టరుకు తాళం పడింది. రాత్రికి పిల్లలకు వేరే ఏర్పాటు చూసుకొమ్మని సుమలత వార్డెన్‌కు ఫోన్ చేసింది.

సీసాతో జీపు తిరుగుదారి పట్టింది. రైల్వే గేటు దగ్గర బండి ఆగినప్పుడు వెంకటనర్సయ్య మెల్లగా అన్నాడు.

"మేడమ్, శ్రీహరికి ఫోన్ చేసింది నేనే. మీరు పెట్టె సర్దుతున్నప్పుడు."

సుమలత తల తిప్పింది. ముప్పై ఏళ్ల సర్వీసు, ఒక్క రూపాయి మచ్చ లేదు. డబ్బు తిన్నవాడైతే తిట్టి పారేసేది.

"ఎన్నేళ్ల సంది చేస్తున్నవ్ నర్సన్నా గిట్ల?"

"డ్యూటీల చేరినప్పటి సంది. చెప్పకుండ ఒకరి వంటింట్ల జొరబడుడు మర్యాద గాదు గద మేడమ్. మనం వస్తున్నమంటే జర మంచిగ కడుక్కుంటరని."

"కడుక్కున్నరు నర్సన్నా," అంది సుమలత. "మంచిగనే కడుక్కున్నరు."