కాటమయ్య వడికిన ఉన్ని

కోస్గి పక్క పల్లెలో గొంగళ్లు నేసే కాటమయ్యకు మాటకంటే ముందు మీసం కదులుతుంది. "గొంగడంటే నేసేటోనిది. రాట్నం తిప్పుడేమున్నది? ముసల్దానికి పొద్దు పోక తిప్పుతది" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతాడు. ఆ ముసల్ది ఆయన భార్య బక్కమ్మే. నల్లగొర్రె ఉన్ని ఏకి, సన్నగా వడికి ఆమె ఇస్తేనే ఈయనగారి మగ్గం ఆడేది. ఆ సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

నల్గొండలో ఉన్ని పండగ పెట్టి, పాత పనులు చేసి చూపించమని పిలిచారు. ఇంట్లో ఇంకెవరు పనిచేస్తారని అడిగితే "అంత నేనే" అన్నాడు మహానుభావుడు. ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ ఒక్కటే వేసి 'గొంగడి గురువు' అని రాశారు. బక్కమ్మ కూడా వెళ్లింది, సద్దిమూట మోయడానికి.

తీరా అక్కడికి పోతే చిక్కు వచ్చిపడింది. గొంగడి మగ్గానికి నేలలో గుంజలు పాతాలి. పండగేమో ఫంక్షన్ హాల్లో, నున్నటి టైల్స్ మీద! "మగ్గం వద్దులెండి, ఇదిగో ఈ రాట్నం తిప్పండి. అంతా మీరేగా" అంది పండగ పెట్టిన సుహాసిని. ఎదురుగా కులపోళ్లంతా కూర్చుని ఉన్నారు. చేతకాదంటే పరువు గంగపాలు.

"ఏమే, జర నువ్వు కూసోరాదు?" అని భార్య చెవిలో గొణిగాడు.

"నాకేమెరుక? పొద్దు పోక తిప్పేదాన్ని."

ఏకు మేకై కూర్చుంది. చచ్చినట్టు తానే తిప్పాడు. దారం ఒకచోట పగ్గంలా లావు, ఇంకోచోట వెంట్రుకంత. తెగితే ఉమ్మితో అతికించాడు. కులపోళ్లు తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు. సుహాసిని మాత్రం ఆ ముద్దలు తడిమి పరవశించిపోయింది. "చేతిపనంటే ఇదండీ!" అంటూ, మగ్గం కోసం ఇంటినుంచి తెచ్చిన బక్కమ్మ దారపుండను చూసి, "ఇది మిల్లుదా?" అని అవతల పెట్టింది. చప్పట్లు మోగాయి. ఉన్ని పండగలో నైలాన్ శాలువా కప్పారు.

"హైదరాబాద్ పండగకు మీరు సొంతంగా వడికిన దారంతోనే గొంగడి నేసి తేవాలి" అందామె.

"గదెంత పని మేడం!" అన్నాడు కాటమయ్య. నోరు ఊరుకోదు కదా!

ఇంటికొచ్చి మగ్గమెక్కిస్తే ఆ ముద్దల పడుగు పోగుపోగూ పుటుక్కుమంది. గొంగడి లేకుండా హైదరాబాద్ పోతే ఉన్న పేరూ ఊడుతుంది. రాట్నం తెచ్చి భార్య ముందు కూలబడ్డాడు. "ఎట్ల పట్టాల్నో జర చెప్పు."

"గీ ముక్క అడగనీకె నీ నెత్తి నెరవాల్సొచ్చిందా!" బక్కమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. దగ్గరికి జరిగి, ఆయన చేతి మీద చెయ్యి వేసి ఉన్ని పట్టించింది. దారం సన్నగా సాగింది. "మరి హైదరాబాదుల ఎవ్వలు నేర్పిండ్రని అడిగితె ఏం చెప్తవ్?"

కాటమయ్య గొంతు సవరించుకున్నాడు. "గా సచ్చి సర్గానున్న మా నాయిన పేరు చెప్తనే."

బక్కమ్మ చెయ్యి తీసేసి లేచింది.

"అయితె గాయిన కాడికే పోయి నేర్సుకో."