ఓడినవాళ్ళ అద్దం

వీధి మలుపు తిరగకముందే కత్తెర వినిపించేది. జుట్టు తెగుతున్న చప్పుడు కాదది. జుట్టు తగిలితే కత్తెర గొంతు మెత్తబడుతుంది. ఇది ఖాళీ గాలిని కత్తిరించే చప్పుడు. ఎండిన చిక్కుడుకాయలు ఒకదానికొకటి తగిలినట్టు పొడిగా, తేలిగ్గా ఉండేది. అది వినగానే మా పేటలో ఎవరైనా చెప్పగలరు, కుర్చీలో ఉన్నవాడు ఎవరో కుస్తీవీరుడి పేరెత్తాడని, ఆ పేరు నిలుస్తుందో రాలుతుందో మంగలి దోన్ సెవేరో ఇంకా తేల్చుకోలేదని.

గెర్రేరో పేటలో ఆయన షాపు ఒక కుర్చీ, ఒక అద్దం. మెక్సికో నగరాన్ని ఊపేసిన భూకంపంలో ఆ అద్దం పై మూల నుంచి కింది దాకా చీలింది. ఆయన మార్చలేదు. అందులో చూసుకునేవాడికి తన ముఖం రెండు ముక్కలుగా, ఒకదానికొకటి కాస్త పడనట్టుగా కనిపించేది. అద్దం పైచట్రంలో ఫొటోలు దోపి ఉండేవి. ఎడమ చివర ఉన్నవాడు అందరికన్నా గొప్పవాడు. అక్కణ్ణుంచి కుడికి గొప్పతనం తగ్గుతూ వస్తుంది. ఫొటోల్లో ఉన్నవాళ్ళంతా అప్పుడే గొరిగిన గుండుతో ఉంటారు. అంతా ఓడిన సాయంత్రం తీసిన ఫొటోలు.

మా కుస్తీలో ముసుగున్నవాడు ముసుగును పందెం కాస్తాడు, ముసుగు లేనివాడు జుట్టును. ఓడితే రింగు మధ్యలో కుర్చీ వేసి, జనం చూస్తుండగానే తల గొరుగుతారు. మా పేట అరేనాలో ఆ పని దోన్ సెవేరోది. గళ్ళ సంచీ పట్టుకుని, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లకోటుతో ఆయన తాళ్ళ మధ్య నుంచి దూరి రింగులోకి వస్తుంటే, అప్పటిదాకా బూతులు తిడుతున్న అమ్మమ్మలు కూడా ఊరుకునేవాళ్ళు. మిషన్ వాడేవాడు కాదు. ముందు కత్తెర, చివర్లో మెడ దగ్గర కత్తి. నెమ్మదిగా, వాన వెలిసేటప్పుడు చివరి చినుకులు పడినట్టు, జుట్టు రింగు గుడ్డ మీద పడేది.

అంత దగ్గరగా నిలబడి చూసినందువల్ల ఆయన లెక్క వేరేగా ఉండేది.

"ప్రపంచమంతా గెలిచినవాణ్ణి గోడకి తగిలిస్తుంది. మీరేమో బోడిగుండ్ల తోట పెంచుతున్నారు," అనేది దోన్యా చోలే. పక్కనే ఆమె పళ్ళరసాల కొట్టు. ఆమె రూడోల మనిషి, అంటే అడ్డదారి కుస్తీపట్లు పట్టేవాళ్ళ పక్షం. నియమం తప్పని టెక్నికోలంటే ఆమెకు చప్పిడి కూర.

"గెలిచినప్పుడు గాడిద కూడా అందంగానే ఉంటుంది సెన్యోరా. ఎవరు గెలవాలో ఆఫీసులో రాస్తారో, పైనున్నవాడు రాస్తాడో నాకు తెలీదు. కుర్చీలో ఎలా కూర్చోవాలో మాత్రం ఎవడూ రాసివ్వలేడు."

"మరి ముసుగు వీరులు? సినిమాల్లో మమ్మీలతో, పిశాచాలతో కొట్టుకున్నవాళ్ళు?" బస్సు డ్రైవర్ ఫిదెన్సియో ప్రతిసారీ అదే అడిగేవాడు.

"ముసుగు సంగతి దర్జీని అడుగు, కుట్టు ఎలా ఉందో చెబుతాడు. నాకు కనపడని ముఖానికి నేను మార్కులు వెయ్యను."

ఆయన నియమాలు మాకు కంఠతా వచ్చు. వెన్ను కుర్చీకి ఆనకూడదు. చేతులు మోకాళ్ళ మీద ఉండాలి. పడుతున్న జుట్టును చూడకూడదు. చూపు పైన చౌక సీట్ల వైపు ఉండాలి, ఎందుకంటే ముందువరసల వాళ్ళు ఓటమి చూడ్డానికి వస్తారు, పైవరసల వాళ్ళు మనిషిని చూడ్డానికి వస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, తల దించకూడదు. అలా కూర్చున్నవాళ్ళలో మొదటివాడు కాంపనేరో అనే పాతకాలపు రూడో. జీవితమంతా కొరికి, గిల్లి, కళ్ళలో వేళ్ళు పెట్టి బతికినవాడు. కుర్చీలో మాత్రం ఎవరో తనను దూరం నుంచి పిలిచినట్టు, ఆ పిలుపు వింటున్నట్టు కూర్చున్నాడట. తర్వాత ఏడాదికే పోయాడు. ఆ ఫొటో అంచులు పసుపెక్కాయి గాని చోటు మారలేదు.

ఆ వరుసలో లేనివాడు నికాండ్రో. రింగులో పేరు ఎల్ ఫారో, ఓడలకు దారి చూపే దీపస్తంభం. వెరాక్రూజ్ రేవు నుంచి వచ్చినవాడు. భుజాల దాకా నల్లటి జుట్టు. ఆ జుట్టు పందెంలో ఎన్నడూ పోలేదు. ప్రతి శనివారం వచ్చి కొసలు కత్తిరించుకునేవాడు. అతని కూతురికి జ్ఞానస్నానంలో దోన్ సెవేరోయే తండ్రి స్థానంలో నిలబడ్డాడు, అందుకని ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకునేవాళ్ళు. మా వైపు ఆ వరస రక్తసంబంధం కన్నా గట్టిది.

"నా ఫొటో ఎక్కడ కొంపాద్రే?"

"నువ్వు ఓడ్డం నేను చూళ్ళేదు."

"మంచిగా గెలిచాను కదా ఇన్నేళ్ళూ."

"దానికి నీకు డబ్బులిచ్చారు కదా."

దోన్యా చోలే గుమ్మంలోంచి అందుకునేది. "గుండు కొట్టించుకోవయ్యా ఫారో. మీ కొంపాద్రే ప్రేమ ఈకలు పీకిన కోడికే దక్కుతుంది."

అందరూ నవ్వేవాళ్ళు, నికాండ్రో కూడా. నవ్వేటప్పుడు అతని కళ్ళు అద్దం పైచట్రం మీదే ఉండేవి. అద్దంలోని చీలిక అతని నవ్వును సగంలో తుంచేది.

మోకాళ్ళు అరిగిపోయాక, రేవుకు తిరిగిపోతున్నానని ప్రకటించిన ఏడాది, అతను జుట్టు పందెం ఒప్పుకున్నాడు. ఎదుటివాడు బొతికారియో, అంటే మందులవాడు, కొత్తగా పైకొస్తున్న రూడో, నడుం పట్టీలో తెల్లపొడి దాచుకుని కళ్ళలో కొట్టడం అతని వైద్యం. ఆ మోకాళ్ళతో గెలవడం కుదరదని అందరికీ తెలుసు. ఎందుకు ఒప్పుకున్నాడో కూడా తెలుసు. వెళ్ళిపోయేలోగా ఆ చట్రంలో ఒక చోటు కావాలి.

ఆ శనివారం దోన్ సెవేరో కత్తెర చాలాసేపు ఖాళీ గాల్లోనే ఆడింది.

"నా కోసం చేస్తున్నావా ఇది?"

"నా కోసమే చేస్తున్నా."

"స్నేహానికి మార్కులుండవు. ముందే చెబుతున్నా."

"ఉంటే నేను తీసుకోను," అన్నాడు నికాండ్రో. "కొసలు బాగా సమం చెయ్యి. రేపు అందంగా పోవాలి."

ఆదివారం సాయంత్రం అరేనా నిండిపోయింది. వేయించిన పంది తోలు వాసన, చెమట, బీరు, పైకప్పు రేకుల మీద పావురాలు. ఆట ఎక్కువసేపు సాగలేదు. రెఫరీ అటు తిరగగానే తెల్లపొడి లేచింది, నికాండ్రో గుడ్డిగా చేతులు చాచాడు, మోకాలు లొంగింది. రెఫరీ అరచెయ్యి మూడుసార్లు నేల మీద పడింది. తర్వాత కుర్చీ వచ్చింది. గళ్ళ సంచీ వచ్చింది.

నికాండ్రో కూర్చున్నాడు. వెన్ను కుర్చీకి ఆనలేదు. తెల్లగుడ్డ కింద చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయని ఆకారం చెబుతోంది. పొడికి ఎర్రబడ్డ కళ్ళు చౌక సీట్ల వైపు తిరిగి ఉన్నాయి. మొదటి పాయ తెగింది. నల్లటి జుట్టు భుజం మీద ఒక్క క్షణం ఆగి, దారి గుర్తొచ్చినట్టు జారిపోయింది. పైవరసల్లో ఎవరో నాణెం విసిరారు. ఇంకొకటి. కాసేపటికి రింగు అంతా నాణేలు మోగాయి, కుస్తీ గొప్పగా ఉందని మా వాళ్ళు చెప్పే పద్ధతి అది. దోన్యా చోలే లేచి నిలబడింది. "కూర్చో కూర్చో, నీ బొతికారియో గెలిచాడుగా," అన్నాడు ఫిదెన్సియో. "నోర్ముయ్, గుండు కనపడ్డం లేదు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

తల పూర్తయింది. మెడ మిగిలింది. దోన్ సెవేరో కత్తి తీశాడు. అప్పుడు, ఎందుకో తెలియదు, చాలాసేపు ఏమీ జరగలేదు. నికాండ్రో ఒక చెయ్యి గుడ్డ కింద నుంచే భుజం దాకా ఎత్తాడు. గుడ్డ జారుతోంది కాబోలు, పట్టుకున్నాడనుకున్నాం. ఆ తర్వాత తల దించాడు. బాగా, గడ్డం ఛాతీకి తగిలేదాకా. పైవరసల నుంచి ఒక నిట్టూర్పు దిగి వచ్చింది. పని ముగిసే దాకా అతను తల ఎత్తలేదు. తెల్లగుడ్డ అంచున సన్నగా ఎరుపు కనిపించింది. కుస్తీలో తగిలిన దెబ్బే అనుకున్నాం.

సోమవారం అద్దం పైన కొత్త ఫొటో లేదు.

"చివర్లో తల దించాడు కదా, పాపం," అన్నాడు ఫిదెన్సియో. "అంతదాకా వచ్చి."

"అవును. దించాడు," అన్నాడు దోన్ సెవేరో.

"అంతదాకా కూర్చున్నది లెక్కలోకి రాదా?" దోన్యా చోలే గుమ్మంలోంచి లోపలికే వచ్చేసింది. రూడోల మనిషి టెక్నికో తరఫున మాట్లాడ్డం ఆ వీధి వినడం అదే మొదటిసారి.

"అంతదాకా కూర్చున్నవి నా మాటలు సెన్యోరా. ఇన్ని శనివారాలు ఇదే కుర్చీలో విన్నాడు. ప్రశ్నలు ముందే తెలిసినవాడు పరీక్ష రాస్తే ఏం మార్కులు వెయ్యను?"

"అయితే తప్పు మీదే. నోరు మూసుకుని కత్తిరించాల్సింది."

ఆయన కత్తెర గాల్లో ఆడుతూ ఉంది. అంతకుముందు కన్నా ఎక్కువగా, కుర్చీలో ఎవరూ లేనప్పుడు కూడా.

శనివారం నికాండ్రో వచ్చాడు. కత్తిరించడానికి ఏమీ లేదు, అలవాటు కాళ్ళను తీసుకొచ్చింది. టోపీ తీశాడు. అద్దం పైకి చూశాడు.

"మెడ మీద గాటు మానిందా?" అన్నాడు దోన్ సెవేరో.

"ఏ గాటు?" అని నికాండ్రో కాలరు పైకి లాక్కున్నాడు. "రేపు పొద్దున బస్సు. పిల్ల నిన్ను అడిగానని చెప్పమంది." కొంపాద్రేని కౌగిలించుకుని, వీపు మీద రెండు చరుపులు చరిచి, వెళ్ళిపోయాడు. గుమ్మం దాటాక టోపీ పెట్టుకోవడం మర్చిపోయి కొంత దూరం నడిచాడు. కొత్త గుండు మీద ఎండ, నీళ్ళ మీద పడ్డట్టు మెరిసింది.

వానాకాలంలో మళ్ళీ జుట్టు పందెం జరిగింది. కుర్చీ వచ్చింది. రింగులోకి మాత్రం వేరే మంగలి ఎక్కాడు, మిషన్ పట్టుకుని. జనం నచ్చక ఈలలు వేశారు. నేను వెనక్కి తిరిగి వెతికాను. దోన్ సెవేరో పైన, చౌక సీట్లలో, తెల్లకోటు లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తానే మానుకుంటానని అరేనావాళ్ళకు చెప్పాడట. ముప్పై ఏళ్ళ పని. కారణం అడిగితే మెట్లు ఎక్కలేకపోతున్నానన్నాడట. చౌక సీట్లకే ఎక్కువ మెట్లు.

మర్నాడు అద్దం పైన నికాండ్రో ఉన్నాడు. గుండుతో, తల దించుకుని, ముఖం సగమే కనపడే ఫొటో. కాంపనేరో పక్కన, రెండో చోటులో. మిగతావాళ్ళంతా ఒక్కో చోటు కుడికి జరిగారు. చివర ఉన్నవాడు చట్రంలో పట్టక డ్రాయరులోకి వెళ్ళాడు.

పేటలో పెద్ద గొడవే జరిగింది. తల దించినవాడికి రెండో చోటా, మరి నియమం ఏమైంది, ఇదంతా కొంపాద్రే వ్యవహారం అని ఫిదెన్సియో వారం రోజులు వేరే షాపులో గడ్డం గీయించుకున్నాడు. దోన్యా చోలే మాత్రం ఒక గ్లాసు నారింజరసం తెచ్చి అద్దం ముందు పెట్టి పోయింది.

నేను వెళ్ళేసరికి షాపులో ఎవరూ లేరు. కుర్చీలో కూర్చున్నాను. గుడ్డ కప్పాడు. కత్తెర గాల్లో ఆడుతోంది. దాని వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన అది గమనించి ఆపేశాడు. ఆపగానే తెలిసింది. కత్తెర ఆగింది గాని చెయ్యి ఆగలేదు.

"ఆ ఆదివారం నుంచీ ఇంతే," అన్నాడు. "ఆడిస్తూ ఉంటే ఆలోచిస్తున్నాననుకుంటారు. ఆ రోజు మెడ దగ్గర కత్తి పెట్టగానే మొదలైంది. తెగింది. ఇంకోసారి పెడితే లోతుగా తెగేదే. జనమంతా నా చెయ్యి వైపే చూస్తున్నారు. గుడ్డ కింద నుంచి నా మణికట్టు పట్టుకున్నాడు. 'తొందరేం లేదు కొంపాద్రే, వీళ్ళెక్కడికీ పోరు,' అన్నాడు. నా చెయ్యి తన భుజానికి ఆనించుకోవాలంటే తల దించాలి. దించితే చోటు పోతుందని అతనికి తెలుసు. నాకంటే బాగా తెలుసు."

వీధిలో ఐస్ అమ్మేవాడి గంట దగ్గరికొచ్చి, దూరమైంది.

"వీళ్ళంతా తల దించాడని తిడుతుంటే అవునన్నాను నేను. కొన్ని నెలలు. అదీ నేను." కత్తిని తోలు పట్టీ మీద రెండుసార్లు గీశాడు. "అంతవరకూ కూర్చున్నది నా మాటలే. తల దించాకే అతను కూర్చున్నాడు."

మరి మొదటి చోటెందుకు ఇవ్వలేదని అడిగాను.

"కాంపనేరో పోయాడు కదా. పోయినవాణ్ణి దించాలంటే అతను ఒప్పుకోవాలి." ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కత్తి నా మెడ దగ్గరికి తెచ్చాడు. అద్దం చీలికకు అటు ఆయన, ఇటు నేను. "తల కాస్త దించు. ఏం పర్లేదు, నిన్నింకా ఏ వరుసలోనూ పెట్టలేదు."