ఓదెలు మామ పిలుపు

ఓదెలు మామ మా అమ్మకు తమ్ముడు. పెద్దపల్లి వైపు మా ఊళ్లో గొర్లు కాసేవాడు. బోర్లు ఎండిపోయి మంద అమ్ముకున్నాక పట్నంలో కొండాపూర్ వచ్చి, ఇక్కడి అడవి పార్కులో కాపలాకు కుదిరాడు. అమ్మ పోయాక నా చదువు తొమ్మిదితో ఆగింది. మామ నన్నూ ఇక్కడే బాటలు ఊడ్చే పనిలో పెట్టించాడు.

మామకు మనుషులతో మాటలు తక్కువ. మొదటి ఎండాకాలం జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టి నింపి, గొర్లను నీళ్లకు పిలిచినట్టే పిలిచాడు. "త్రుర్ర్... దా... దా." పిలవకుండా నీళ్లు పెట్టడం మా ఇళ్లలో ఎవరికీ రాదు. కొన్నాళ్లకు పొదల్లోంచి చుక్కల దుప్పి ఒకటి వచ్చింది. మరుసటి ఏడు పిల్లను వెంటేసుకుని వచ్చింది. నేను చెట్టు చాటున చీపురు పట్టుకుని చూసేదాన్ని. పార్కు చూడ వచ్చినవాళ్లంతా వీడియోలు తీసుకున్నారు. మామ గొంతు ఎందరి ఫోన్లలోకో పోయింది.

పోయిన నెల రోడ్డు పని కోసం వెనక గోడ కొంత పడగొట్టారు. అక్కడ కుక్కలు చేరాయి. ఒక మధ్యాహ్నం గోడ అవతల ఎవరో మామ పిలుపున్న ఆ వీడియో పెట్టారు. దుప్పి పిల్ల అటే పరుగెత్తింది. మేం చేరేసరికి కుక్కల నోట అంతా అయిపోయింది. మామ తన తువ్వాలలో చుట్టి తెచ్చాడు.

ఆ రోజు నుంచి మామ పిలవలేదు. తొట్టి నేనే నింపుతున్నాను. జేబు నిండా గులకరాళ్లు పెట్టుకుని తిరుగుతున్నాడు.

"ఆ పిలుపంటే దానికి భయం పుట్టాలె బిడ్డా. లేకుంటే తల్లి గూడ దక్కదు."

ఈ మధ్యాహ్నం ఎండ భగభగలాడుతుంటే ఒక జంట వచ్చింది. ఆయన పేరు భీమేశ్వరరావు అని భార్య పిలుపును బట్టి తెలిసింది.

"ఏమయ్యా, పిలిస్తే జింక వస్తుందటగా?" అన్నాడాయన.

"రాదు సారు."

"వీడియోలో వచ్చిందే," అంటూ ఆయన ఫోన్ తీశాడు.

"ఇంట్లో మీరు పిలిస్తే పిల్లి కూడా రాదు భీమేశ్వరరావు గారూ," అని ఆమె నవ్వింది.

"సారు, జర వద్దు," అని మామ లేచేలోపే ఫోన్లోంచి మామ గొంతు వచ్చింది. త్రుర్ర్... దా... దా.

ఎండుటాకులు చప్పుడయ్యాయి. దుప్పి బయటికొచ్చింది. పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

మామ రాయి విసిరాడు. దుప్పి మోకాలికి తగిలింది. అది ఎగిరిపడి, ఆగి, మామ వైపు చూసింది.

"అయ్యో, మూగజీవాన్ని కొడతావేంటయ్యా? ఇందుకా నీకు జీతం?" అంది ఆమె.

మామ ఇంకో రాయి వేశాడు. ఫోన్ ఇంకా పిలుస్తూనే ఉంది. దుప్పి కాలు ఎత్తి పట్టుకుని, కుంటుతూ ముందుకే వచ్చింది.

"అది బంద్ చెయ్యి సారు. నీ కాల్మొక్కుత."

ఆయన ఫోన్ ఆపేశాడు. ఇద్దరూ గొణుక్కుంటూ వెళ్లిపోయారు. దుప్పి తొట్టిలో మూతి పెట్టి తాగింది. మామ చేతిలో మూడో రాయి ఉంది. ఆయన వేయలేకపోయాడు.

అది పొదల్లోకి పోయాక నన్ను పిలిచాడు.

"రేపటి సంది తొట్టి నింపకు."

"మరి యాడ తాగుతది మామా? పార్కుల చెరువు మొత్తం ఎండింది."

"దూపకు తట్టుకోలేక యాడికన్న పోతదేమో."

యాడికి పోతుంది? మూడు వైపులా అద్దాల ఆఫీసులు, నాలుగో వైపు పడిన గోడ. మామకూ అది తెలుసు. తొట్టి అడుగు బొక్కలో కుక్కిన గుడ్డ ఆయనే లాగేశాడు. నీళ్లు మట్టిలోకి పారుతుంటే ఆయనకు దగ్గు వచ్చింది. తన గొంతు దుప్పికి వినపడకుండా తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

అయినా పొదల్లో ఆకులు కదిలాయి.